చెల్లి పెళ్ళి లెక్కల పుస్తకం

మా చెల్లి పెళ్ళి నిశ్చయమైన రోజు రాత్రి అమ్మ బీరువాలోంచి ఒక పాత నోటుపుస్తకం తీసి, రాసి ఉన్న కాగితాలన్నీ చించేసి, మిగిలిన వాటిలో మొదటి పేజీ మీద పిలవవలసినవాళ్ళ పేర్లు రాయడానికి కూర్చుంది. గంట గడిచాక పుస్తకం నా చేతికిచ్చి, "మరీ ఎక్కువమంది లేరే, నూట పది పేర్లే తేలాయి" అంది. ఆ మాటలో ఎంతో ఊరట ఉంది. నేను పెన్సిలు తీసుకుని ఒక్కొక్క పేరు ఎదురుగా ఆ ఇంటి నుంచి ఎంతమంది వస్తారో అంకె వేసుకుంటూ పోయాను. బాబాయి వాళ్ళు ఐదుగురు. పెద్దమ్మ వాళ్ళు కోడళ్ళతో, మనవలతో కలిపి తొమ్మిదిమంది. అమ్మతో పనిచేసి పదవీ విరమణ చేసిన ఆవిడ ఒక్కరే అనుకున్నాం గాని, ఆవిడను తీసుకురావడానికి ఎవరో ఒకరు తోడు రాక తప్పదు కనుక ఇద్దరు. మూడో పేజీ చివర కూడిక వేస్తే 340 వచ్చింది. అమ్మ మళ్ళీ కూడమంది. మళ్ళీ అంతే వచ్చింది.

తక్కువ డబ్బుతో పెళ్ళి చేయబోయేవాళ్ళు ఎవరైనా నన్ను సలహా అడిగితే, ఆ రాత్రి మేము చేసిన ఆ చిన్న పనినే ముందు చేయమంటాను. మండపం చూడకముందు, వంటవాళ్ళతో మాట్లాడకముందు, బట్టల దుకాణం మెట్లు ఎక్కకముందు, పిలుపుల జాబితాను పేర్లలో కాక మనుషుల్లో లెక్కపెట్టుకోవాలి. పెళ్ళి ఖర్చులో మన చేతిలో నిజంగా ఉన్న పెద్ద అంకె అదొక్కటే. మిగిలిన అంకెలు చాలా వరకు దాని వెనకే నడుస్తాయి.

మా దగ్గర ఉన్న డబ్బు ఎంతో మాకు స్పష్టంగా తెలుసు. నాన్న పోయాక అమ్మ పేరున మిగిలిన డిపాజిట్లో తన వృద్ధాప్యానికి ఉంచుకోగా తీయగలిగిన కొంత, చెల్లి మూడేళ్ళుగా జీతంలోంచి దాచుకున్నది, నేను ఇవ్వగలిగినది, అంతే. అప్పు చేయకూడదని ముగ్గురమూ మొదటే మాట అనుకున్నాం. ఆ మొత్తాన్ని ఇక్కడ 100 పాళ్ళు అని చెప్పుకుంటాను. ఎవరి దగ్గర ఎంత ఉన్నా పాళ్ళలో చూసుకుంటే లెక్క ఒకటే.

అందరూ అడిగే ప్రశ్న "ఇంతమందిని పిలిస్తే ఎంత ఖర్చవుతుంది?" అని. డబ్బు చాలినంత ఉన్నవాళ్ళకు ఆ ప్రశ్న సరిపోతుంది. చేతిలో ఉన్నది ఇంతే అని తెలిసినవాళ్ళు దాన్ని తిరగేసి, "ఇంత డబ్బుతో ఎంతమందిని గౌరవంగా పిలవగలం?" అని అడగాలి. మేము అలా అడిగి చూసుకున్నాం. 100 పాళ్ళలో 10 పాళ్ళు అనుకోని ఖర్చులకని పక్కన పెట్టేశాం. ఎంతమంది వచ్చినా మారని ఖర్చులు, అంటే వధూవరుల బట్టలు, ఫొటోలు, మండపం అద్దె, అలంకరణ, మైకు, దీపాలు, రిజిస్ట్రేషను, ప్రయాణాలు కలిపి 35 పాళ్ళు అయ్యేట్టు కనిపించాయి. మిగిలినది 55. తలకు ఒకరికి అయ్యే ఖర్చు, అంటే భోజనం, వడ్డన, కుర్చీ, నీళ్ళు, శుభ్రం చేసేవాళ్ళ కూలి అన్నీ కలిపి పావు పాలు. 55ను పావుతో భాగిస్తే 220. అంటే మా తాహతు 220 మందికి. అమ్మ జాబితాలో ఉన్నది 340. ఆ 340 మందినీ పిలిచి ఉంటే మొత్తం 130 పాళ్ళు అయ్యేది. ముప్పై పాళ్ళ లోటు ఎక్కడి నుంచో తేవలసి వచ్చేది.

ఆ లోటును బేరాలతో పూడ్చవచ్చని చాలామంది నమ్ముతారు, కొన్నాళ్ళు నేనూ నమ్మాను. అలంకరణ చేసే అతనితో వారం రోజుల పాటు రోజూ ఫోనులో మాట్లాడి, పూలు తగ్గించి, ద్వారం దగ్గర తోరణం తీసేయించి, 6 పాళ్ళు అన్నదాన్ని 5కి తెచ్చాను. చాలా సంతోషించి రాత్రి పుస్తకంలో రాసుకుంటూ చూస్తే, నేను వారం పాటు శ్రమపడి మిగిల్చింది సరిగ్గా నలుగురు మనుషుల ఖర్చు. జాబితాలో ఒక్క కుటుంబం. పైగా ఆ మనిషి బతుకుతెరువులోంచి కోసిన డబ్బు అది. ఆ రోజు నుంచి బేరాల మీద నా దృష్టి తగ్గి, జాబితా మీద పెరిగింది.

మనుషుల సంఖ్యకు మరో గుణం ఉంది. అది ఖర్చును వాలుగా పెంచుతూ పోయి, కొన్నిచోట్ల ఒక్కసారిగా మెట్టు ఎక్కిస్తుంది. మేము చూసిన మండపాల్లో 250 మందికి సరిపోయేది ఒకటి, 500 మందికి సరిపోయేది మరొకటి. రెండింటి అద్దెలో తేడా 8 పాళ్ళు. అంటే 251వ మనిషి ఒక్కరి ఖర్చు పావు పాలు కాదు, ఎనిమిదింపావు పాళ్ళు. పెద్ద మండపం తీసుకుంటే దాన్ని నింపడానికి అలంకరణ పెరగాలి, మైకు స్థాయి పెరగాలి, వడ్డించేవాళ్ళ సంఖ్య పెరగాలి. సగం ఖాళీగా కనిపించే పెద్ద హాలు కంటే నిండుగా ఉన్న చిన్న హాలు ఎంతో కళగా ఉంటుంది. జాబితా తయారయ్యేటప్పుడే ఈ మెట్టు ఎక్కడుందో తెలుసుకుని, దానికి కొంచెం కిందనే ఆగిపోవాలి.

మరి 340 నుంచి 220కి రావడం ఎలా? ఈ పనిలో నాకు నిద్రలేని రాత్రులు గడిచాయి కనుక కొంచెం విస్తారంగానే చెబుతాను. ఒక్కొక్క ఇంటి పేరూ ఒక్కొక్క చీటీ మీద రాసి, పక్కన మనుషుల అంకె వేసి, నూట పది చీటీలూ చాప మీద పరిచాం. అమ్మ, చెల్లి, నేను చుట్టూ కూర్చున్నాం. వరుడి ఇంటివారిది వేరే జాబితా, వారి భోజనాల ఖర్చు వారే పెట్టుకుంటామన్నారు కనుక ఆ లెక్క ఇందులో లేదు. మొదట మేము చేసిన పొరపాటు ఒక్కొక్క చీటీ ఎత్తి "వీళ్ళను పిలవాలా, వద్దా?" అని అడగడం. ఆ ప్రశ్నకు అమ్మ దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు: "వీళ్ళను పిలవకపోతే ఎలా?" ప్రతి చీటీకీ ఒక కథ ఉంది. నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు రెండు రాత్రులు కాపలా ఉన్నాయన, నాకు కాలేజీలో సీటు వచ్చినప్పుడు స్వయంగా ఇంటికి వచ్చి దీవించి వెళ్ళినావిడ. కథ గుర్తుకు వచ్చాక ఏ చీటీనీ పక్కన పెట్టలేం. రెండు గంటలు గడిచేసరికి మేము తగ్గించినది పదకొండుమందిని.

మర్నాడు చెల్లి పద్ధతి మార్చింది. మనుషులను బట్టి కాకుండా సూత్రాన్ని బట్టి నిర్ణయిద్దామంది. మొదటి సూత్రం, గడచిన రెండేళ్ళలో మనం వాళ్ళింటికి గాని, వాళ్ళు మనింటికి గాని రానివాళ్ళు, ఫోనులోనైనా పలకరించుకోనివాళ్ళు ఈ జాబితాలో ఉండరు. రెండో సూత్రం, మా ముగ్గురి ఉద్యోగాల తాలూకు పరిచయస్తులు ఎవరూ ఉండరు, ఒక్కరైనా సరే. మూడోది, బంధువుల్లో ఏ వరుస దాకా పిలుస్తామో తేల్చి, ఆ వరుసలో ఉన్న ప్రతి ఇంటినీ పిలవాలి, దానికి అవతల ఉన్న ఏ ఇంటినీ పిలవకూడదు. ఈ మూడో సూత్రమే అన్నిటికంటే బలమైనది, అన్నిటికంటే కష్టమైనది కూడా. ఎందుకంటే పిలవనందుకు మనుషులు నొచ్చుకోరు, తమను పిలవకుండా తమతో సమానమైనవాళ్ళను పిలిచినందుకు నొచ్చుకుంటారు. ఒక్కరికి మినహాయింపు ఇచ్చామా, ఆ పక్కింటి పదిమందికీ మనం సంజాయిషీ చెప్పుకోవలసిందే.

బాబాయి మాత్రం అంగీకరించలేదు. తన వియ్యాలవారి తరఫున పాతికమందిని పిలవకపోతే తన మర్యాద దక్కదని అమ్మతో గట్టిగానే అన్నాడు. నేను సమాధానం చెప్పబోతే అమ్మ ఆపి, తానే ఆయనకు కుర్చీ వేసి, ఈ పుస్తకం చేతిలో పెట్టి, "మా దగ్గర ఉన్నది ఇంతే మరిదిగారూ. ఇందులో ఎవరి పేరు కొట్టేసి ఆ పాతికమంది పేర్లు రాయాలో మీరే చెప్పండి" అంది. బాబాయి చాలాసేపు ఆ పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. తరవాత పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ పాతికమంది మాట మళ్ళీ ఎత్తలేదు. డబ్బు లేదని చెప్పుకోవడానికి మనం ఎంతగానో సిగ్గుపడతాం గాని, లెక్క దాచకుండా ముందు పెట్టినప్పుడు అర్థం చేసుకునేవాళ్ళు మనం అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉంటారు. గుట్టుగా ఉంచి, చివరికి పిలుపు అందక వాళ్ళంతట వాళ్ళు తెలుసుకునేలా చేయడమే వాళ్ళను అవమానించడం.

జాబితా 220కి వచ్చింది. అంతటితో నా మనసు కుదుటపడలేదు. 2014లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ ఫ్రాన్సిస్, హ్యూగో మియలోన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు, ఆ దేశంలో పెళ్ళి చేసుకున్న మూడు వేల మందికి పైగా వ్యక్తుల దగ్గర వివరాలు సేకరించి, పెళ్ళి ఖర్చుకూ కాపురం నిలిచిన కాలానికీ ఉన్న సంబంధం మీద ఒక పత్రం వెలువరించారు. పెళ్ళి మీద ఎక్కువ ఖర్చుపెట్టినవారిలో విడిపోవడం ఎక్కువగా కనిపించిందన్న సంగతిని అందరూ చెప్పుకుంటారు. అదే పత్రంలో ఉన్న మరో సంగతిని అంతగా చెప్పుకోరు: ఎక్కువమంది సమక్షంలో జరిగిన పెళ్ళిళ్ళలో విడిపోవడం తక్కువగా కనిపించింది. ఇవి రెండూ ఒకదానితో ఒకటి కలిసి కనిపించిన సంగతులే తప్ప ఒకటి మరొకదానికి కారణమని తేల్చినవి కావు. అయినా తక్కువ ఖర్చు, ఎక్కువమంది అన్న ఆ జంట నన్ను వదలలేదు. నేను చేస్తున్నది తక్కువ ఖర్చు, తక్కువమంది. చాప మీంచి ఏరి డబ్బాలో వేసిన చీటీల్లో చెల్లిని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాళ్ళు ఉన్నారు.

ఆలోచిస్తే ఒక దారి కనిపించింది. మనుషుల సంఖ్య తగ్గించకుండా ఖర్చు తగ్గించాలంటే తలకు అయ్యే ఖర్చును కోయాలి, అందులో అతి పెద్ద భాగం పూర్తి భోజనం. భోజనం వేళ కాని వేళలో మనుషులను కలుసుకుంటే వాళ్ళు పూర్తి భోజనం ఆశించరు, మనం పెట్టకపోయినా లోటు అనుకోరు. అందుకని పెళ్ళయిన తరవాతి ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు మా ఇంటి డాబా మీద కొత్త దంపతులను కూర్చోబెట్టి, చుట్టుపక్కలవాళ్ళను, ఉద్యోగాల్లో స్నేహితులను, వరుస దాటినందువల్ల పిలవలేకపోయినవాళ్ళను పిలిచాం. చిరుతిండి, తేనీరు, పక్కింట్లో అడిగి తెచ్చుకున్న కుర్చీలు. తలకు అయిన ఖర్చు పెళ్ళి భోజనంలో అయిదో వంతు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందంటే, పెళ్ళికి పది రోజుల ముందు ప్రతి ఇంటికీ ఫోను చేసి ఎంతమంది వస్తున్నారో కనుక్కున్నప్పుడు 220లో సుమారు 200 మందే వస్తున్నారని తేలింది. ఆ మిగులు 5 పాళ్ళతో డాబా మీద వందమందిని కలుసుకున్నాం. మండపంలో వరుసలో నిలబడి అక్షరాలా అరనిమిషం మాట్లాడి వెళ్ళిపోవలసి వచ్చినవాళ్ళ కంటే, డాబా మీద కూర్చున్నవాళ్ళే చెల్లితో ఎక్కువసేపు గడిపారు.

ఖర్చు తగ్గించడంలో నాకు రూఢిగా తెలిసిన మరో సంగతి, అన్నింటినీ తలా కొంచెం పలచన చేయడం కంటే కొన్నింటిని పూర్తిగా మానుకోవడం మేలు. కొంచెం తక్కువ రకం భోజనం, కొంచెం తక్కువ రకం దీపాలు, కొంచెం తక్కువ రకం ఫొటోలు అని అన్నిట్లోనూ కోసుకుంటూ పోతే వచ్చినవాళ్ళ కళ్ళకు ప్రతిచోటా లోటే కనిపిస్తుంది. మేము ముగ్గురం విడివిడిగా కాగితం మీద, ఈ పెళ్ళిలో మాకు ప్రాణప్రదమైనవి రెండు రాసుకున్నాం. చెల్లి భోజనం, ఫొటోలు అని రాసింది. అమ్మ భోజనం, పెద్దవాళ్ళు కూర్చోవడానికి సౌకర్యం అని రాసింది. నేను భోజనం, అప్పు లేకపోవడం అని రాశాను. దాంతో భోజనం మీద చేయి వేయలేదు. ఊరేగింపు బండి, వీడియో, ద్వారం దగ్గర అలంకరణ, ముద్రించిన ఆహ్వానపత్రాల్లో చాలా భాగం పూర్తిగా పోయాయి. అవి లేవని ఎవరూ అడగలేదు.

ఆహ్వానపత్రం గురించి చెప్పవలసిన మాట ఒకటుంది. నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1957లో ఒక ఊహాత్మక కమిటీ సమావేశాన్ని వర్ణించాడు. అణు విద్యుత్ కేంద్రం నిర్మాణానికి రెండున్నర నిమిషాల్లో ఆమోదం తెలిపిన ఆ సభ్యులే, ఉద్యోగుల సైకిళ్ళకు వేయవలసిన షెడ్డు గురించి ముప్పావుగంట వాదించుకుంటారు. అణు కేంద్రం ఎవరికీ అర్థం కాదు, షెడ్డు గురించి మాత్రం ప్రతివారికీ ఒక అభిప్రాయం ఉంటుంది. మా ఇంట్లో ఆహ్వానపత్రం రంగు మీద రెండు సాయంత్రాలు చర్చ జరిగింది. వంటవాళ్ళతో ఒప్పందం పది నిమిషాల్లో ముగిసింది. మొత్తం ఖర్చులో ఆహ్వానపత్రాలది ఒక పాలు కూడా కాదు, వంటది సగం. ఇది గమనించాక నేను వంటవాళ్ళ దగ్గరకు తిరిగి వెళ్ళి, ఒక్కొక్క మాటా అడిగి రాయించుకున్నాను: తలల లెక్క ఎవరు పెడతారు, ఆకులను బట్టా, టోకెన్లను బట్టా? చెప్పిన సంఖ్య కంటే తక్కువమంది వస్తే ఎంత తగ్గిస్తారు, ఎక్కువమంది వస్తే అదే ధరకు పెడతారా? మిగిలిన పదార్థాలు ఎవరివి? గిన్నెలు, గ్యాసు, వడ్డించేవాళ్ళ రాకపోకలు ఎవరి ఖర్చు? మొదటిసారి పది నిమిషాల్లో కుదిరిందనుకున్న ఒప్పందంలో ఈ ప్రశ్నలు ఒక్కటీ లేవు.

రాయించుకోవడం ఎందుకంత ముఖ్యమో మాకు నష్టపోయాక తెలిసింది. మొదట ఒక మండపానికి అడ్వాన్సు ఇచ్చాం. అద్దె ఇంత అని నోటిమాటగా చెప్పారు, చేతికి ఇచ్చిన రసీదులో తేదీ, తీసుకున్న మొత్తం తప్ప ఇంకేమీ లేదు. నెల రోజుల తరవాత ఏర్పాట్లు మాట్లాడడానికి వెళ్తే కరెంటు ఖర్చు వేరు, జనరేటరు వేరు, శుభ్రం చేసేందుకు వేరు, ముందు రోజు సాయంత్రం అలంకరణకు తలుపులు తీయాలంటే సగం రోజు అద్దె వేరు అన్నారు. అన్నీ కలిపితే చెప్పిన అద్దెకు రెట్టింపు కొద్దిలో తప్పింది. అడ్వాన్సు వదులుకోవడం ఇష్టంలేక, అక్కడే ఎలాగో సర్దుకుందామని నేను నాలుగు రోజులు రకరకాల లెక్కలు వేశాను. చెల్లి చివరికి ఒక మాట అంది: "అక్కా, ఆ డబ్బు ఎటూ పోయింది. ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బుతో కొత్తగా వెతుకుతుంటే ఈ మండపాన్ని తీసుకుంటామా?" తీసుకోం. రెండు పాళ్ళు నష్టపోయి బయటికి వచ్చాం. తరవాత కుదుర్చుకున్న చోట ఎన్ని గంటలకు తాళాలు ఇస్తారో, ఎన్ని గంటలకు ఖాళీ చేయాలో, గడువు దాటితే గంటకు ఎంతో, అద్దెలో ఏవి కలిసి ఉన్నాయో, తేదీ మారినా రద్దైనా అడ్వాన్సులో ఎంత వెనక్కి వస్తుందో కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు చేశాం. అందరూ కోరుకునే రోజుల్లో కాకుండా వారం మధ్యలో పెట్టుకున్నందుకు వాళ్ళే కొంత తగ్గించారు కూడా.

ఆ 10 పాళ్ళ నిల్వ గురించి చాలామంది అనుమానిస్తారు. డబ్బే చాలనప్పుడు పదో వంతు పక్కన పెట్టడం ఏమిటని అమ్మ కూడా అంది. మనిషి తన పనికి తాను వేసుకునే అంచనా ఎప్పుడూ అన్నీ సవ్యంగా జరుగుతాయన్న ఊహ మీదనే నడుస్తుంది. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైఖేల్ రాస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులను అది ఎన్ని రోజుల్లో ముగుస్తుందని అడిగితే, సగటున 34 రోజులన్నారు. పట్టినది 55 రోజులకు పైగా. డబ్బు అంచనాలూ ఇంతే. దీనికి నాకు తెలిసిన విరుగుడు ఒక్కటే: మన అంచనాను పక్కన పెట్టి, ఈ మధ్య పెళ్ళి చేసినవాళ్ళను అడగడం. "ఎంత అయింది?" అని కాదు, "ఎంత అనుకున్నారు, చివరికి ఎంత అయింది, ఆ తేడా ఎక్కడ వచ్చింది?" అని అడగాలి. నేను మూడు కుటుంబాలను అడిగాను. మూడు చోట్లా తేడా వచ్చినది చివరి వారంలో. అలసిపోయి ఉన్న ఆ వారంలో "పోనీలే, ఇదొక్కటీ" అన్న మాట రోజుకు నాలుగుసార్లు అనిపిస్తుందట.

అందుకే పుస్తకంలో ప్రతి ఖర్చుకూ నాలుగు గళ్ళు గీశాను: అనుకున్నది, ఒప్పుకున్నది, ఇచ్చినది, ఇవ్వవలసినది. నాలుగో గడికి పక్కన తేదీ. మొత్తం డబ్బు చాలినా, ఆ తేదీకి చేతిలో లేకపోతే అప్పుకు వెళ్ళవలసి వస్తుంది. మా బాకీల్లో సగానికి పైగా పెళ్ళికి ముందు వారంలోనే పడ్డాయని ఈ గడి చూశాకే తెలిసింది. చెల్లి డిపాజిట్టు గడువు తీరేది పెళ్ళి తరవాత. దాన్ని రెండు నెలల ముందే సర్దుకోగలిగాం.

అప్పు గురించి నేను ఇంత పట్టుగా ఎందుకున్నానో కూడా చెప్పాలి. నెలకు నూటికి రెండు చొప్పున వడ్డీకి తెచ్చిన డబ్బు, తీర్చకుండా వడ్డీ మీద వడ్డీ పడుతూ పోతే 35 నెలలకు రెట్టింపవుతుంది. మూడేళ్ళు నిండవు. మాకు లోటు పడిన ముప్పై పాళ్ళు అలా తెచ్చి ఉంటే, అది అరవై అయ్యే నాటికి చెల్లి ఒడిలో బిడ్డ ఉండవచ్చు, అమ్మకు వైద్యం అవసరం కావచ్చు. ఆకాశమంత పందిరి వేసి, భూదేవంత పీట వేసి పెళ్ళి చేయాలని ఏ తల్లికి ఉండదు? ఒక పూట భోంచేసి వెళ్ళేవాళ్ళ కోసం మూడేళ్ళ ప్రశాంతతను తాకట్టు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

బట్టల విషయం త్వరగానే తేలిపోయింది. ఒక్క రోజు కట్టుకుని పెట్టెలో దాచే బట్ట కొనకూడదని చెల్లే అంది. 1840లో విక్టోరియా రాణి తన పెళ్ళిలో ధరించిన లేసును తరవాతి కాలంలో ఎన్నో ముఖ్యమైన సందర్భాల్లో మళ్ళీ వాడుకుంది. ఆమె మునిమనవడి కూతురైన ఎలిజబెత్ 1947 నవంబరు 20న పెళ్ళి చేసుకునే నాటికి బ్రిటన్‌లో బట్టలకు ఇంకా రేషను ఉంది. రాకుమారి కూడా కూపన్లు పెట్టే తన పెళ్ళి దుస్తులు కుట్టించుకోవలసి వచ్చింది, ప్రభుత్వం ఆమెకు అదనంగా 200 కూపన్లు ఇచ్చింది. తమ కూపన్లు ఆమెకు పంపిన స్త్రీలకు వాటిని తిప్పి పంపేశారు, ఒకరివి మరొకరు వాడడం చట్టవిరుద్ధం కనుక. ఉన్నదానిలో సర్దుకోవడం చిన్నతనమని అనిపించినప్పుడల్లా నాకు ఆ తిరిగి వెళ్ళిన కవర్లు గుర్తుకొస్తాయి. చెల్లి పెళ్ళిబట్టలు ఇప్పటికి అయిదుసార్లు కట్టుకుంది.

డబ్బు మిగులుతుందని బంధువుల చేత చాకిరీ చేయించడం మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. సాయం తీసుకోవాలి, తప్పులేదు. ఒక మనిషికి ఒకే పని, అది ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగుస్తుందో ముందే చెప్పి, ఆ మనిషి భోజనానికి కూర్చునే వేళ కూడా రాసుకుని అప్పగించాలి. మా పెద్దమ్మ తన కూతురి పెళ్ళిలో ఖర్చు తగ్గించడానికి సామానుల గది తానే చూసుకుంది. కూతురి పెళ్ళి జరుగుతున్న సమయంలో ఆవిడ తాళాల గుత్తి పట్టుకుని బియ్యం కొలిపిస్తోంది. ఫొటోల్లో ఎక్కడా ఆవిడ లేదు. ఇప్పటికీ ఆ ఆల్బం తెరిస్తే ఆవిడ కళ్ళు తన కోసం వెతుక్కుంటాయి.

అమ్మకు అలా జరగకూడదని నేను ముందే నిశ్చయించుకున్నాను. నిల్వలోంచి రెండు పాళ్ళు తీసి, ఆ రోజు పనులు చూసుకోవడానికి ఇద్దరు మనుషులను కూలికి పెట్టాం. ఎవరికి ఎంత ఇవ్వాలో పేర్లు రాసిన కవర్లలో డబ్బు వేసి, సంచీతో సహా పెద్దమ్మ కొడుక్కు అప్పగించి, ఏ కవరు ఏ పని అయ్యాక ఇవ్వాలో దాని మీదే రాశాను. ముందు రోజు సాయంత్రం అమ్మ దగ్గర తాళాలు తీసేసుకున్నాను. పెళ్ళి జరుగుతున్నంతసేపూ అమ్మ ముందు వరుసలో మొదటి కుర్చీలో కూర్చుంది. ఒకటి రెండుసార్లు అలవాటు కొద్దీ లేవబోయింది, పక్కన కూర్చున్న పెద్దమ్మ చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. ఖాళీగా ఉన్న చేతులతో ఏం చేయాలో తోచక, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటూ చెల్లినే చూస్తూ ఉండిపోయింది.

వారం తరవాత పుస్తకం చివరి పేజీలో లెక్క మూసేశాను. నిల్వ 10 పాళ్ళలో పోగొట్టుకున్న అడ్వాన్సుకు 2, కూలి మనుషులకు 2, ఆ మధ్యాహ్నం కరెంటు పోయి తెప్పించిన డీజిలుకు 1, ముందు రాత్రే దిగిన బంధువులకు తీసుకున్న రెండు గదులకు 2. మిగిలినవి 3. అమ్మ ఆ డబ్బు తీసుకుని, చాప మీంచి డబ్బాలో వేసిన చీటీలు బయటికి తీసి, అందులో డాబా మీదికి రాలేకపోయిన పెద్దవాళ్ళ ఇళ్ళను ఏరింది. పద్నాలుగు ఇళ్ళు. నెల రోజుల పాటు ఆదివారాల్లో చెల్లినీ మరిదినీ వెంటబెట్టుకుని ఒక్కొక్క ఇంటికీ తానే వెళ్ళి వచ్చింది. వెళ్ళి వచ్చిన ప్రతి చీటీనీ పుస్తకంలో పెట్టి దారంతో కుట్టేసింది.